నడక రోడ్డు మధ్యలో సందు

కొత్త చొక్కాలకు అన్ని గుండుసూదులు ఎందుకు పెడతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. కాలరు కింద ఒకటి, చేతుల దగ్గర రెండు, జేబు వెనక ఒకటి, ఇంకొకటి ఎక్కడో. ఆ ఎక్కడో ఉన్నది మాత్రం మీటింగులో కూర్చున్నాకే దొరుకుతుంది. వాకర్స్ సంఘం వాళ్ళు పిలిచిన మీటింగుకు నేను కొత్త చొక్కా వేసుకుని వెళ్ళాను. సూది మెడకు ఎడమవైపు ఉంది. ఆ గంటన్నరా ఎవరేమన్నా తలను పక్కలకు తిప్పకుండా, నిదానంగా, కిందికీ పైకీ మాత్రమే ఆడించాను. దాన్ని వాళ్ళు ఒప్పుకోవడం అనుకున్నారు. నేనూ కాదనలేదు.

మీటింగు సంగతికి ముందు నా సంగతి కొంచెం చెప్పాలి. గుంటూరులో ఒక చిన్న ఆఫీసులో రోడ్ల ప్లాన్లు గీయడం నా ఉద్యోగం. ఇంజనీరింగ్ చివరి ఏడాదిలో, కార్లు తగ్గి మనుషులు నడిచే నగరం గురించి ప్రాజెక్టు చేశాను. రిపోర్టు అట్ట మీద చెట్ల నీడన నడుస్తున్న ఒక కుటుంబం ఫోటో వేశాం. వాళ్ళు ఏ దేశం వాళ్ళో తెలియదు. ఒక్కరికీ చెమట పట్టలేదు కాబట్టి గుంటూరు వాళ్ళు మాత్రం కాదు. ఆ ప్రాజెక్టుకు మంచి మార్కులు వచ్చాయి. అది చాలా ఏళ్ళ పాటు నడకతో నాకున్న ఏకైక సంబంధం.

అలాంటిది, నల్లపాడు వైపు వెళ్ళే ఒక రోడ్డును నడిచేవాళ్ళకు అనువుగా మార్చే పని మా ఆఫీసుకు వచ్చింది. ముందు సర్వే చేయాలి. అంటే ఉదయం పూట ఆ రోడ్డు మీద తిరుగుతూ ఎంతమంది నడుస్తున్నారో కాగితం మీద గీతలు పెట్టాలి. మిరపకాయ దిగుబడి వచ్చే రోజులు. ఊళ్ళో తుమ్మని వాడు లేడు.

మా ఊళ్ళో ప్యాంటులో చొక్కా దోపుకున్న మనిషి రోడ్డు పక్కన నడవడం అంత తేలిక కాదు. నడవనివ్వరు. మొదటి రోజే నలుగురు బండి ఆపారు. "నడుస్తున్నానండీ, ఫర్వాలేదు" అంటే, "అది కనపడతానే ఉందిగా, ఎక్కండి" అన్నాడు ఒకాయన. పాలు పోసే ఆయన మూడో రోజు సైకిలు ఆపి, "షుగరెంతుంది సార్?" అని అడిగాడు. లేదన్నాను. "అయితే బండి రిపేరా?" అన్నాడు. అదీ కాదన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి సైకిలెక్కి వెళ్ళిపోయాడు. ఇంట్లో గొడవ అనుకున్నట్టున్నాడు.

లెక్క కూడా నేననుకున్నంత సులువుగా లేదు. పెట్రోలు అయిపోయి బండి తోసుకుపోతున్న మనిషి పాదచారా, వాహనదారుడా? ఎందుకైనా మంచిదని రెండు గళ్ళలోనూ అర అర వేశాను. ఆ సగం మనిషి ఎవరని ఆఫీసులో అడిగారు.

నిజంగా నడిచేవాళ్ళు ఒకే ఒక్క గుంపు కనపడ్డారు. మిరపకాయలకు తొడిమలు తీసే పనికి షెడ్లకు వెళ్ళే ఆడవాళ్ళు. తెల్లవారగానే చేతిలో క్యారేజీలతో వచ్చి, రోడ్డు మధ్య డివైడరు దగ్గర ఒకరి వెనక ఒకరు పక్కకు తిరిగి అవతలికి దాటేవాళ్ళు. ఏనాడో లారీ గుద్దితే విరిగిన చోటు అది. మనిషి పట్టేంత సందు. మా సర్వే కాగితంలో దానికి గడి లేదు.

వాళ్ళలో ఒకామెకు యాభై ఏళ్ళుంటాయి. నా కాగితం వంక చూసి ఆగింది.

"ఏం బాబూ, మమ్మల్ని లెక్కపెడతన్నారా?"

"అవునమ్మా. ఇక్కడ నడిచేవాళ్ళ కోసం రోడ్డు వేస్తారు."

"మా కోసమా?" అని వెనక్కి తిరిగి మిగతావాళ్ళను చూసి నవ్వింది. "ఏవే, మన కోసం రోడ్డంట!"

ఆమె ఎప్పుడూ అందరికన్నా ముందుండేది. ఎందుకంత తొందరని అడిగితే నడుస్తూనే చెప్పింది. షెడ్డులో ఎవరి చోటూ రాసిపెట్టి ఉండదు. ముందొచ్చినవాళ్ళు గుమ్మం పక్కన కూర్చుంటారు. ఆలస్యమైనవాళ్ళు లోపల గోడవార, కాయల గుట్ట దగ్గర. గుమ్మం దగ్గర గాలి తగులుతుంది, గోడ దగ్గర ఘాటు తప్ప ఇంకేమీ ఉండదు. ఆమెకు రెండేళ్ళ నుంచీ ఆయాసం.

"మిరపకాయల జోలికి పోవద్దన్నాడు డాక్టరు. గుమ్మం దగ్గరే కూర్చుంటన్నానయ్యా అని చెప్పా. సరే, అక్కణ్ణించి లోపలికి మాత్రం జరగొద్దన్నాడు."

"ఈ సందు లేకపోతే?"

"ఆ చివర సిగ్నలు దాకా పోయి, అవతల పక్క మళ్ళీ ఇంత దూరం వెనక్కి రావాల. ఈలోపు గుమ్మం నిండిపోద్ది." ఆగి నా మొహంలోకి చూసింది. "దీన్ని మూయరుగా?"

"మూయడమేంటమ్మా! వెడల్పు చేస్తాం. తెల్ల చారలు వేస్తాం."

"చారలెందుకులే బాబూ. ఉంచితే చాలు."

ఇక మీటింగు. వాకర్స్ సంఘం వాళ్ళు పొద్దున్నే ఆ రోడ్డు పక్కనున్న మైదానంలో గుండ్రంగా నడుస్తారు. అధ్యక్షుడు బ్యాంకులో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, మర్యాదస్తుడు. కొత్త రోడ్డులో నడిచేవాళ్ళకు ఏమేం కావాలో ఒక కాగితం మీద రాసుకొచ్చారు. మొదటిది కార్ పార్కింగు.

నేను ఆ మాట మీద వేలు పెట్టాను. "పార్కింగు నడిచేవాళ్ళకాండీ?"

"మరి? నడవడానికి వచ్చినవాళ్ళు బండి ఎక్కడ పెట్టుకుంటారండీ?"

"నడిచి రావచ్చు కదండీ."

"నడిచే వస్తే, ఇంక ఇక్కడికొచ్చి నడవాల్సిన పనేముందండీ?"

ఆ ప్రశ్నలో ఎక్కడో తప్పుందని ఇప్పటికీ తెలుస్తూనే ఉంది, కానీ పట్టుకోబోతే దొరకదు.

రెండోది, ఆ కార్లు వెనక్కి తిరగడానికి మైదానం ఎదురుగా, సిగ్నలు కూడా దాటాక, డివైడరులో దారి. మూడోది, మిగతా డివైడరు పొడుగునా రెయిలింగు, పూలమొక్కలు. నేను సందు గురించి చెప్పాను. షెడ్డు, గుమ్మం, ఆయాసం, అన్నీ చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"అయ్యో పాపం" అన్నారు. నిజంగానే అన్నారు. "కానీ పత్తి లారీలు వచ్చే రోడ్డండీ అది. సిగ్నలు లేని చోట దాటొచ్చని మీరే బొమ్మ గీసి ఇచ్చారనుకోండి, రేపు ఆవిడకే ఏదన్నా అయితే కాగితం మీద సంతకం ఎవరిదండీ?"

అప్పుడు నేను తల కిందికీ పైకీ ఆడించాను. దాన్ని సూది మీదికి నెట్టేయవచ్చు, చాలామందికి అలాగే చెప్పాను కూడా. కానీ ఆయనన్నది నిజం. పత్తి లారీ వస్తుంటే రోడ్డు మీదికి ఒక మేడ నడిచొస్తున్నట్టుంటుంది. పక్కనున్న మనిషి డ్రైవరుకు కనపడతాడో లేదో వాడికే తెలియదు.

వారం రోజులు ఆ సందును గీస్తూ చెరుపుతూ కూర్చున్నాను. వెడల్పు చేశాను. అది ఇంకా ప్రమాదమన్నారు. సిగ్నలు పెట్టాను. ఒక సిగ్నలుకు ఇంత దగ్గరలో ఇంకొకటి కుదరదన్నారు. పైనుంచి మెట్ల వంతెన వేశాను. చూడటానికి బాగుంది. మెట్లు లెక్కపెట్టి, ఆమె ఊపిరి గుర్తొచ్చి, నేనే తీసేశాను. ఆమె క్షేమంగా దాటాలంటే సిగ్నలు దాకా వెళ్ళాలి. సిగ్నలు దాకా వెళితే గుమ్మం పోతుంది. లారీ ఎప్పుడో ఒక రోజు రావచ్చు, ఘాటు రోజూ వస్తుంది. వీటిలో ఏది ఎక్కువో కొలిచే పద్ధతి మా పుస్తకాల్లో లేదు. చివరికి కంప్యూటరు మీద ఒక మీట నొక్కాను. సందుకు ఈ పక్క గీతా ఆ పక్క గీతా కలిసిపోయాయి. చాలా చక్కగా కలిశాయి.

మరుసటి ఏడు కాయ దిగే రోజులకు రోడ్డు తయారైంది. ఒక పొద్దున చూడాలనిపించి వెళ్ళాను. కారులో వెళ్ళాను. పార్కింగు సౌకర్యంగా ఉంది, నేను గీసిందే. కొత్త ఫుట్‌పాత్ మీద ఎర్ర రాళ్ళు పరిచారు. బెంచీలు వేశారు. వాటి మీద నడక ముగించినవాళ్ళు కూర్చుని ఉన్నారు.

తొడిమల పనికి వెళ్ళే గుంపు వచ్చింది. వయసులో ఉన్నవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, క్యారేజీలు అవతలివాళ్ళకు అందించి, పూలమొక్కలు తొక్కుకుంటూ రెయిలింగు ఎక్కి దూకారు. ఆ దూకుడుకు నేను ఏ ప్లానులోనూ చోటివ్వలేదు. లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వాళ్ళ వెనకనుంచే పోయింది. ఆమె మాత్రం దూకలేదు. సిగ్నలు వైపు నడవసాగింది. నేను పక్కన చేరాను. గుర్తుపట్టింది.

"రోడ్డు బాగుంది బాబూ" అంది.

సిగ్నలు చేరేలోపు రెండుసార్లు ఆగింది. బెంచీ దగ్గర కూర్చోమన్నాను. "కూర్చుంటే గుమ్మం పోద్ది" అంది. ఇంతలో ఒక స్కూటరు నా పక్కన ఆగింది.

"ఎక్కండి సార్, దింపేస్తా."

"నన్ను కాదండీ, ఈమెను కాస్త షెడ్డు దగ్గర దింపుతారా?"

ఆయన ఆమెను చూసి, "ఆవిడ రోజూ నడిచేదేగండీ" అన్నాడు. అందులో వెటకారమేమీ లేదు. ఎండెక్కుతోందని నన్ను హెచ్చరించి వెళ్ళిపోయాడు.

సిగ్నలు దగ్గర దాటి, వచ్చినంత దూరం మళ్ళీ అవతల పక్క నడిచి షెడ్డు చేరాం. గుమ్మానికి రెండు పక్కలా రెయిలింగు దూకినవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఒళ్ళో కాయలు, పక్కన తొడిమలు, పని అప్పటికే మొదలైపోయింది.

"ఏందత్తా, వాకింగుకెళ్ళొచ్చావా?" అంది ఒకమ్మాయి.

"ఆ, బెంచీల మీద పెద్దమనుషులు నిన్నడిగారే. రేపు దూకేటప్పుడు కాస్త నిదానంగా దూకమన్నారు."

అందరూ నవ్వారు. ఎవరూ జరగలేదు. జరగమని ఆమె అడగలేదు. అక్కడ కూర్చున్న ప్రతి మనిషికీ ఊపిరితిత్తులు ఉన్నాయి కాబట్టి గుమ్మం పక్క చోటు అడగడం అక్కడ పద్ధతి కాదు. ఆమె కొంగు మడిచి ముక్కు మీదుగా తిప్పి వెనక ముడి వేసుకుంది. లోపలినుంచి ఘాటు గుమ్మం దాకా వచ్చి నాకు దగ్గు తెప్పించింది. నేను నిలబడింది గుమ్మం దగ్గరే.

ఏదో ఒకటి చెప్పాలనిపించింది. లారీల గురించి చెప్పవచ్చు, సంతకం గురించి చెప్పవచ్చు, మెట్ల వంతెన గురించి కూడా చెప్పవచ్చు. అవన్నీ ఆ గుమ్మంలో నిలబడి చెప్పే మాటల్లా తోచలేదు. కొంచెం ఊరట కలిగించే మాట ఏదా అని వెతుక్కుని, "మిమ్మల్ని మర్చిపోలేదమ్మా. అది గీసేటప్పుడు కూడా మీరే గుర్తున్నారు" అన్నాను.

ఆమె లోపలికి వెళ్ళబోతున్నదల్లా ఆగి, నోటి మీదనుంచి కొంగు కిందికి లాగింది.

"గుర్తుండి మూశారా? మర్చిపోయి మూశారనుకున్నా బాబూ, ఇన్నాళ్ళూ."