నాలుగు శ్రుతిలో పాడిన పద్యం

2007 ఆగస్టు. పిడుగురాళ్ల బజారులో నా రికార్డింగ్ సెంటర్‌కు అప్పటికి ఇరవై మూడేళ్లు. రికార్డింగ్ సెంటర్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. అడిగిన పాటలను ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇవ్వడం, చుట్టుపక్కల ఊళ్లలో నాటకమో హరికథో జరిగితే వెళ్లి టేపు చేసుకుని రావడం మా పని. ఊరంతా సున్నపు దుమ్ము. క్యాసెట్ మీద ఉన్నదాన్ని చదివే చిన్న లోహపు ముక్కను హెడ్ అంటారు. దాన్ని రోజుకు రెండుసార్లు స్పిరిట్‌తో తుడిచేదాన్ని. ప్రతి రికార్డింగుకూ రిజిస్టరులో ఒక పేజీ ఉండేది. తేదీ, ఊరు, పాడినవారు, ఏ మిషన్, కరెంటు మీదా సెల్స్ మీదా, ఎన్ని నిమిషాలు, అన్నీ రాసేదాన్ని.

2007 నాటికి క్యాసెట్ అడిగేవాళ్లు దాదాపు లేరు. అయినా పొద్దున్నే కొట్టు తీసి, హెడ్లు తుడిచి కూర్చునేదాన్ని. మానేయడానికి కూడా ఓపిక చాలక చేసిన పని అది.

అప్పుడు శ్రీనివాస్ వచ్చాడు. మా వీధి చివర నెట్ సెంటర్ అతనిది. ముప్పై ఏళ్లు ఉంటాయి. ఇంటర్నెట్‌లో కొన్ని దేశాల వాళ్లు కలిసి పాటల పోటీ పెట్టుకుంటారట. ఒక్కొక్కరు తమ దేశం నుంచి ఒక పాట పంపితే మిగిలినవాళ్లు మార్కులు వేస్తారు. గెలిచినవాళ్లు తర్వాతి పోటీకి ఆతిథ్యం ఇవ్వాలి. కిందటిసారి శ్రీనివాస్ పంపిన పాట గెలిచింది.

"ఓపెనింగ్ సెరిమనీ నేనే చెయ్యాలి పిన్నిగారూ. పావుగంట వీడియో. అందరూ వాళ్ల వాళ్ల రాజధాని చూపిస్తారు. నేను మన పల్నాడు సంగీతం పెడతా. సన్నాయి, మిరపకాయలు కోసేవాళ్ల పాటలు, చివర్లో సైదులు గారి పద్యం. మాస్టర్ టేపు మీ దగ్గరేగా ఉంది?"

మాస్టర్ టేపు అంటే మొదటి రికార్డింగు. కాపీలన్నీ దాన్నుంచే తీస్తాం. ఉంది. 1997 ఫిబ్రవరిలో దాచేపల్లి దగ్గర ఒక ఊళ్లో పగటిపూట పద్యాల పోటీ జరిగింది. పరుపులు కుట్టుకుని బతికే దూదేకుల సైదులు గారు చివర పాడి మొదటి బహుమతి గెలిచారు. ఆ పద్యం క్యాసెట్ నా దగ్గర నుంచి నాలుగు వందల పన్నెండు కాపీలు వెళ్లింది. నాటకాల వాళ్లంతా ఆయన్ని పిలవడం మొదలుపెట్టారు. పిలిచిన ప్రతిచోటా ఒకటే కోరిక: క్యాసెట్‌లో పాడినట్టు పాడాలి. ఆయన అలాగే పాడాలని చూశారు. రెండేళ్లకు గొంతు బొంగురుపోయింది. 2001లో గుంటూరు డాక్టరు ఇక పాడవద్దని రాసి ఇచ్చాడు. ఇప్పుడు మాట కూడా గుసగుసలాగే వస్తుంది. తన గొంతును తానే నిలబెట్టుకోలేకపోయాడని నాటకాల వాళ్లు అనేవాళ్లు. నేనూ అలాగే అనుకున్నాను.

టేపు తీసుకువెళ్లిన మూడో రోజున శ్రీనివాస్ మళ్లీ వచ్చాడు.

"పిన్నిగారూ, ఒకటి కుదరట్లా. పద్యానికి ముందు హార్మోనియం పెడదామని పోటీ జరిగిన ఊరు వెళ్లా. పోటీలో వాయించిన పెట్టె ఇంకా లైబ్రరీలోనే ఉంది, వాయించిన సుబ్బారావు గారూ ఉన్నారు. ఆయన చేతే వాయించి రికార్డు చేశా. టేపులో హార్మోనియానికీ దీనికీ శ్రుతి కలవట్లేదు."

"ఆయన ఏ శ్రుతిలో వాయించాడు?"

"నాలుగు. టేపులో వినపడేది ఐదు. అదే అడిగితే నవ్వాడు. ఆ పెట్టెలో ఐదో శ్రుతి మెట్టు కొన్నప్పటి నుంచీ మూగదట. సైదులుకు ఆ రోజు పట్టింది నాలుగే అన్నాడు. మరి ఇన్నేళ్లు ఎందుకు చెప్పలేదండీ అంటే, నన్నెవడు అడిగాడయ్యా అన్నాడు."

నాలుగుకూ ఐదుకూ మధ్య హార్మోనియం మీద రెండు మెట్ల తేడా. గొంతెత్తి పాడేవాడికి అది చాలా ఎత్తు. టేపులో పద్యం నాలుగు నిమిషాల పది సెకండ్లు. రెండు మెట్లు దించితే ఎంత అవుతుందో లెక్క కట్టాను. నాలుగు నిమిషాల నలభై. అంటే ఆయన నాలుగు నలభైలో పాడినదాన్ని నా టేపు నాలుగు పదిలో ముగించింది. మిషన్ నెమ్మదిగా తిరిగినప్పుడు రికార్డు చేస్తే, మామూలు వేగంలో పెట్టినప్పుడు పాట పరుగెత్తుతుంది, గొంతు పైకి పోతుంది.

1997 రిజిస్టరు తీశాను. ఆ పేజీలో నా చేతిరాతే ఉంది: "కరెంటు లేదు. సెల్స్ ఆరు. కొత్తవి రెండు, ఎండవి నాలుగు."

ఎండవి అంటే ఎండలో పెట్టినవి. అయిపోయిన టార్చిలైటు సెల్స్‌ను డాబా మీద మిరపకాయల పక్కన పెట్టి, వేడెక్కాక మళ్లీ వాడటం మా వైపు ప్రతి ఇంట్లో ఉన్నదే. గంటసేపు కొత్తవాటిలా పనిచేస్తాయి, తర్వాత నీరసిస్తాయి. టార్చిలో అయితే వెలుగు తగ్గడం కంటికి కనపడుతుంది. టేపులో మిషన్ నెమ్మదించడం కనపడదు. సైదులు గారు చివర పాడారు. కొత్తవి రెండున్నాయి కదా, నడుస్తుందిలే అనుకున్నాను. అంతా రాసుకున్నాను గాని, రాసిందేమిటో పదేళ్లు చూసుకోలేదు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. సైదులు గారు వరండాలో పరుపు కుడుతున్నారు. కూర్చోకముందే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని భయం.

"సైదులు గారూ, ఆ రోజు మీరు పాడింది ఐదులో కాదు, నాలుగులో. నా టేపు పైకి పోయింది. తప్పు నాది."

ఆయన సూదిని బట్టలో గుచ్చి వదిలేశారు. గాలిలాంటి గొంతుతో అన్నారు.

"ఐదు నాకెప్పుడూ అందేది కాదమ్మా. ఆ ఒక్కరోజు ఎట్టా అందిందా అని ఆలోచిస్తూనే ఉన్నా. సుబ్బారావు గారు నాకు తెలీకుండా పెంచి ఉంటారనుకున్నా. ఒకసారి పాడినోడివి మళ్లీ పాడలేవా అని నన్ను నేనే తిట్టుకున్నా."

లోపలి నుంచి ఆయన భార్య ఖాసింబీ వచ్చింది.

"నేను ఆరోజే చెప్పలా? ఈ అక్క కొట్టుకు పోయి మరీ చెప్పా, ఇది మా ఆయన గొంతు కాదు, పిల్లగాడి గొంతులా ఉందని. ఏమన్నదో అడుగు."

"ఊరుకోవే," అన్నారాయన.

"ఎందుకు ఊరుకోవాలి? చెప్పక్కా, ఏమన్నావు?"

నాకు గుర్తుంది. క్యాసెట్ డెక్ మీద లెవెల్ మీటర్ ఉంటుంది, శబ్దం ఎంత గట్టిగా వస్తున్నదో చూపే ముల్లు. దాన్ని చూపించి, మిషన్ అబద్ధం చెప్పదమ్మా, నీ చెవులే పొరపడ్డాయి అన్నాను. ఆ ముల్లు శబ్దాన్ని చూపుతుందే తప్ప వేగాన్ని చూపదని నాకు అప్పుడూ తెలుసు. అదంతా ఇప్పుడు ఆమె ముందు ఒప్పుకున్నాను. ఆమె లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది.

వేగం తగ్గించిన పద్యమే పెట్టమంటే శ్రీనివాస్ ఒప్పుకోలేదు. కంప్యూటర్లో వేగం తగ్గించడం రెండు నిమిషాల పనే.

"కానీ అందరికీ తెలిసింది ఈ గొంతే కదా పిన్నిగారూ. దించితే చప్పబడుతుంది. ఓపెనింగ్ అంటే ఊపు ఉండాలి."

"సైదులు గారు విని చెప్పనీ. ఆయన ఏదంటే అది పెట్టు," అన్నాను.

ఆయన నెట్ సెంటర్‌కు వచ్చారు. హెడ్‌ఫోన్స్ పెట్టి శ్రీనివాస్ ముందు పాతది వినిపించాడు. సగంలోనే తీసేశారు. రెండోది పెట్టాడు. నాలుగు నిమిషాల నలభై సెకండ్లు కళ్లు మూసుకుని విన్నారు. పెదవులు కదిలాయి గాని శబ్దం రాలేదు.

"ఇది నాకు అందుద్ది," అన్నారు. గొంతు మీద చెయ్యి వేసుకున్నారు. "అందేది."

శ్రీనివాస్ ఇక పాతదాని మాట ఎత్తలేదు. తెర మీద పేరు ఎలా వేయమంటారని అడిగాడు.

"పేరు ఎట్టా వేసినా సరే. కింద నాలుగు శ్రుతి అని రాయి."

"బయటి దేశాల వాళ్లకు నాలుగంటే ఏం తెలుసు బాబాయ్?"

"వాళ్ల కోసం కాదురా. మనోళ్లు కూడా చూస్తారుగా."

సెప్టెంబరులో ఒక ఆదివారం సాయంత్రం ఐదు గంటలకు ప్రారంభోత్సవం. వీడియోను ఇంటర్నెట్‌లోకి ఎక్కించడానికే ఆ ముందు రోజంతా పట్టింది, మధ్యలో కరెంటు పోయి మళ్లీ మొదటి నుంచి. నెట్ సెంటర్‌లో పదకొండు మందిమి ఉన్నాం. సన్నాయి అయింది, మిరప చేలో ఆడవాళ్ల పాట అయింది, తర్వాత సుబ్బారావు గారి హార్మోనియం, దాని వెంటే పద్యం. ఈసారి కలిసింది. పద్యం నాలుగు నిమిషాల నలభై సెకండ్లూ పూర్తిగా వినపడింది. ఎక్కడెక్కడి వాళ్లో తెర పక్కన రెండేసి ముక్కలు రాస్తున్నారు. శ్రీనివాస్ చదివి తెలుగులో చెప్పాడు. ఆ పెట్టె పేరేమిటని ఒకరు అడిగారు, ఈ గొంతు బాగుందని ఇంకొకరు రాశారు.

మనవాళ్లు మాత్రం గొణిగారు. నాటకాల పిచ్చి ఉన్న ఇద్దరు ముందు వరసలో కూర్చున్నారు.

"ఏందిరా, సైదులు ఇట్టా పాడడే. ఎవడి చేతో పాడించినట్టున్నారు."

"సైదులు అయితే ఈపాటికి తెర చిరిగేది."

వెనక బల్ల మీద సైదులు గారి పక్కన కూర్చున్న ఖాసింబీ అందుకుంది. "సైదులే. ఇరవై ఆరేళ్లు కాపురం చేసినదాన్ని, మీకంటే నాకు తెలీదా? ఆ తెర చింపేదెవరో మాత్రం నాకు తెలవదు."

అందరూ నవ్వారు. వాళ్లలో ఒకడు వెనక్కి తిరిగి సైదులు గారిని చూసి లేచాడు. "నిజమేనా బాబాయ్?"

ఆయన వేలితో తెర చూపించారు. పేరు కింద నాలుగు శ్రుతి అని ఉంది. ఆ మనిషి చదివి, "సర్లే, నువ్వే చెబుతుంటే," అని కూర్చున్నాడు. నమ్మినట్టు నాకు అనిపించలేదు.

నేను 2009లో కొట్టు మూసేశాను. ఆ మిగిలిన రెండేళ్లలో చేసినవి పద్నాలుగు రికార్డింగులు. ప్రతిదాన్నీ పాడినవారి ఇంట్లోవాళ్లకు ముందు వినిపించి, వాళ్లు ఔనన్నాకే కాపీ తీశాను. ఈ పనిలో నేను నేర్చుకున్నది అంతే, అదీ చాలా ఆలస్యంగా. ఒక గొంతు పక్కన ఏళ్ల తరబడి బతికిన మనిషి వచ్చి ఇది ఆ గొంతు కాదంటే, ముల్లు చూపించకూడదు. టేపు ఆపి, మళ్లీ వినాలి.

సరిచేసిన పద్యాన్ని కొత్త క్యాసెట్లలో ఎక్కించి, పాతది కొన్నవాళ్లకు ఇవ్వాలని తిరిగాను. నా రిజిస్టరులో ఊరు, పేరు ఉన్నా చాలామంది దొరకలేదు. అరవై ఒక్కరికి ఇచ్చాను. అందులో తొమ్మిది మంది పాతదే బాగుందని తిరిగి ఇచ్చేశారు. మొత్తం మీద మూడు వందల అరవై ఇళ్లలో సైదులు గారు ఇంకా ఐదులోనే పాడుతున్నారు.