పూడ్చిన మగ్గం గుంట

ఈ సంగతి నేను ఎత్తినప్పుడల్లా వినేవాళ్లు లేచి వెళ్లిపోయారు. చేనేత సంఘం సభలో చెప్పబోతే చేతిలోని మైకు లాక్కున్నారు. సొంత కొడుకు "మళ్లీ ఆ గంజి కథేనా నాయనా" అని పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పోయిన వారం పింఛను విచారణకని ఒక కుర్రాడు వచ్చి, నడిమింట్లో కదిలే కడప బండ మీద కాలు పెట్టి తూలాడు. "ఇది సరిచేయించుకోకూడదా తాతా?" అన్నాడు. తర్వాత తలెత్తి చూసి, ఫ్యాను తిరిగే ఇంటికి పింఛను కష్టమని కూడా అన్నాడు. ఆ బండ కింద ఏముందో మాత్రం అడగలేదు. అడగకపోయినా చెబుతున్నాను.

అక్కడ మా నాయన మగ్గం గుంట ఉండేది. నేసేవాడు నేలమీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి నేస్తాడు. యాభైల మొదట్లో సీమకు వరసగా వానలు ఎగ్గొట్టాయి. నందికొట్కూరు వైపు రైతులు చీరలు కొనడం మానేశారు. అహోబిలం తిరునాళ్లకు మోసుకుపోయిన మూటలు ముడి విప్పకుండానే తిరిగొచ్చాయి. మాకు నూలిచ్చి నేయించుకునే షావుకారు కొట్టుకు తాళం వేసి అత్తగారి ఊరు చేరాడు. మగ్గం ఆగిపోయింది. అప్పటికి నాకు మీసం వస్తోంది. మేము చింతగింజలు వేయించి, దంచుకుని తిన్నాం. మా అవ్వకు పళ్లు లేవు. ఆ పిండి మింగుడుపడక నోట్లోనే పెట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేది. ఆమె బతకాలంటే గంజి కావాలి.

అదృష్టం కొద్దీ ఊరి సత్రంలో సర్కారు గంజి కేంద్రం తెరిచారు. ఎవరికి పోయాలో తేల్చడానికి ఒక ఇన్‌స్పెక్టరు ఇంటింటికీ వస్తాడని చాటించారు. మా వాళ్లలో మగ్గం ఆడినా ఆడకపోయినా శుక్రవారం గుంట అంచుకు ఎర్రమన్ను పూసి, ముగ్గేసి, మగ్గం కట్టెలకు పసుపు కుంకుమ పెడతారు. అధికారి వస్తున్నాడని అమ్మ ఆ రోజు శుక్రవారం కాకపోయినా అవన్నీ చేసింది. ఇంటికొచ్చిన పెద్దమనిషికి దుమ్ముపట్టిన మగ్గం చూపిస్తే పరువు పోతుందని ఆమె భయం.

ఇన్‌స్పెక్టరు మా పొట్టి గుమ్మానికి తల కొట్టుకుని, ఆ కోపంతోనే లోపలికి వచ్చాడు. "ఏమప్పా, మగ్గం పెళ్లికూతురి మాదిరి ఉండాదే! దినమ్మూ నేస్తా గంజికొస్తాండారా?"

"నూలే లేదు సార్. పూజ చేసుకుంటాం గానీ నేసేది యాడుండాది?" అన్నాడు నాయన.

"పూజ చేస్తాండారు గదా, ఆ దేవుడే పెడతాడులే."

మూలనుంచి అవ్వ అంది: "దేవుడే పెట్టేమాటైతే నీకీ ఉద్యోగం ఎందుకప్పా?"

అతని ముఖం నల్లబడింది. మగ్గమున్న ఇంటికి గంజి లేదన్నాడు. గుంట పూడ్చి, కట్టెలు పీకి, కేంద్రం దగ్గరికి తెచ్చి చూపిస్తే అప్పుడు ఆలోచిస్తానన్నాడు. నాయన కొన్నాళ్లు బిగబట్టాడు. అవ్వ లేచి కూర్చోలేని రోజు వచ్చాక పలుగు తీసుకున్నాడు. పీకిన కట్టెలు ఇద్దరం భుజాన వేసుకుని సత్రానికి పోయాం. ఇన్‌స్పెక్టరు వాటిని కాలితో పొయ్యివైపు తోశాడు. వంటవాడు మంటలోకి ఎగదోస్తూ, "పాతకాలం కట్టె, శానా బాగ మండుతాండాదప్పా" అని నాయన్నే మెచ్చుకున్నాడు. ఆ మంటమీద కాగిన గంజినే ముంతలో తెచ్చి అవ్వ నోట్లో పోశాం. అవ్వ నిలిచింది. ఆ గంజి నేనూ తాగాను.

మరుసటేడు వానలు పడ్డాక సర్కారు నేతగాళ్లకు నూలు ఇస్తుందన్నారు. అదే ఇన్‌స్పెక్టరు మళ్లీ వచ్చాడు. ఈసారి తల వంచుకునే వచ్చాడు, అంతమాత్రం నేర్చుకున్నాడు.

"మగ్గం యాడ?"

"మీరే గదా సార్ పూడ్చమంటిరి."

"అది గంజికి చెప్పిన మాట. ఇది నూలు. మగ్గం లేనోడు నేతోడెట్లయితాడు?"

నూలు ఇవ్వకుండానే వెళ్లిపోయాడు. నాయన రోడ్డుకు కంకర కొట్టే పనికి పోయాడు. కొన్నేళ్లకు పక్కింటి మగ్గం మీద సరదాకు కూర్చుంటే, కంకరకు గరుకెక్కిన ఆ చేతులకు పోగులు తగులుకుని తెగిపోయాయి. నవ్వుతూ లేచాడు. మళ్లీ కూర్చోలేదు.

గుంట పూడ్చిన రోజు ఆయన మట్టిని గట్టిపడేలా దిమ్మిసతో కొట్టలేదు. నేను కొట్టబోతే చెయ్యి పట్టుకుని, "వదులుగానే ఉండనీరా, మళ్లా తవ్వాల గదా" అన్నాడు. అందుకే పైన ఎన్ని బండలు పరిచినా అక్కడ కుంగుతుంది.

ఆ ఇన్‌స్పెక్టరు ఎప్పుడో పోయుంటాడు. అతని కుర్చీ పోలేదు. అందులో ఇప్పుడు ఎవరు కూర్చున్నా సరే, జవాబు చెప్పాలి. మా నాయన ఆ మగ్గం ఉంచుకోవలసిందా, పూడ్చవలసిందా? ఏది చేసివుంటే మా అవ్వా బతికి, ఆయన చేతులూ మిగిలేవి? ఇన్నేళ్లు తొక్కినా గట్టిపడని మట్టి అది. జవాబు వచ్చేదాకా ఆ బండ కదులుతూనే ఉంటుంది. విచారణకు వచ్చేవాళ్లు చూసుకుని నడవండి.