గంజ్‌లో పాట

తబలా వాయించుకు బతికే నాకు మాటలతో పని తక్కువ. ఆ తక్కువ మాటల్లో ఒకదాన్ని తిన్నగా వాడలేక ఓ ఫిబ్రవరి రోజంతా నిజామాబాద్, బోధన్‌ల మధ్య పరుగులు పెట్టాను. క్యాసెట్లు జోరుగా అమ్ముడుపోతున్న రోజులవి.

ముందు కౌసల్యాబాయి సంగతి చెప్పాలి. ఆమెది నాందేడ్ వైపు పల్లె. పదిహేనేళ్లప్పుడు చెరుకు కోతకు వచ్చిన తల్లి వెంట మంజీర దాటి బోధన్ చేరి, అక్కడే ఉండిపోయింది. పసుపు, కారం దంచి అంగడిలో అమ్ముతుంది. గొంతు మాత్రం ఒక చోట కుదురుగా ఉండే రకం కాదు. ఏకాదశికి మరాఠీ అభంగాలు, దర్గా ఉర్సులో కవ్వాలీలు, బతుకమ్మకు బీడీలు చుట్టే ఆడవాళ్లతో తెలుగు పాటలు, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో సినిమా పాటలు. ఇరవై రెండేళ్లుగా ఇదే వరస. కిందటేడు ఉర్సులో ఆమె పక్కన తబలా వాయించి వచ్చినప్పటి నుంచి, హైదరాబాద్‌లో నేను పనిచేసే క్యాసెట్ కంపెనీ యజమానికి చెవిలో జోరీగనయ్యాను.

చివరికి ఆయన సరేనన్నాడు. నిజామాబాద్ గంజ్‌కి, అంటే మార్కెట్ యార్డుకి, ఎదురుగా ఉన్న సత్రం హాల్లో జిల్లా గాయకులను వింటాడు. మధ్యాహ్నం రెండింటికి కారెక్కేస్తాడు. నచ్చితే క్యాసెట్, లేకపోతే లేదు. కౌసల్య ఇంట్లో ఫోన్ లేదు. ఆమె ఇంటి పక్క కిరాణా కొట్టు పోశెట్టికి ఫోన్ చేసి, "రేపు గంజ్ దగ్గర పాట ఉంది, కౌసల్యను పాడటానికి రమ్మనండి" అన్నాను. ఎంత క్లుప్తంగా చెప్పానో అని మురిసిపోయాను కూడా.

అయినా మనసాగలేదు. నేనే వెళ్లి వెంటబెట్టుకొద్దామని పొద్దున అయిదింటికి హైదరాబాద్‌లో బస్సెక్కాను. కామారెడ్డిలో ఇడ్లీ, టీ. తొమ్మిదిన్నరకు నిజామాబాద్‌లో దిగి, తొమ్మిది నలభై బోధన్ బస్సు అందుకున్నాను. ఈ బస్సులో పొద్దున వెళ్లేవారు ఎడమవైపు కూర్చోకండి, ఎండ మాడుస్తుంది. పక్క సీటు రైతు ముందే హెచ్చరించాడు: "పోవుడైతె పోతవు గని, అచ్చేటప్పుడు ఆగమైతవు సార్. చెరుకు బండ్లు తొవ్వ నిండ ఉంటయి."

పదకొండుకు పది నిమిషాల ముందు పోశెట్టి కొట్టు ముందు నిలబడ్డాను.

"ఆమె ఏడు గొట్టంగనే బస్సెక్కింది సార్," అన్నాడు పోశెట్టి, తక్కెడ దించకుండానే. "నేనే తోలిచ్చిన. లేటయితె పాట అయిపోతది గద!"

"సత్రం హాలు అని చెప్పారా?"

"హాలేంది? గంజ్‌ల పసుపు పాట గాదా? మేం ఏటా చింతచెట్లు పాటల పాడుకుంటం, గామాత్రం నాకు తెల్వదా? పసుపు బేరం జేస్తది గద, పాడుకుంటే మంచిదే అనుకున్న."

మన తెలుగులో వేలం కూడా పాటే, ధర పలకడం కూడా పాడటమే. పోశెట్టికి ఫోన్‌లో వినబడింది ఆ పాట. కౌసల్య పుట్టిన మరాఠీలో వేలానికీ పాటకూ చుట్టరికం లేదు. పాట అంటే ఆమెకు పాటే. గంజ్ అన్నారు కాబట్టి గంజ్‌లోకే వెళ్లి ఉంటుంది.

పదకొండూ పదికి తిరుగు బస్సు. ఊరు దాటకముందే చెరుకు బండ్ల వెనక ఇరుక్కున్నాం. పది నిమిషాలకో అడుగు. నేను గడియారం చూసుకుంటూనే ఉన్నాను. "దిగి నడుస్తే మా బస్సు కంటె ముందల వోతవు," అన్నాడు కండక్టర్ నవ్వుతూ, "గని నిజామాబాద్ దాకా నడుస్తవా అన్నా?" అతణ్ని కొట్టాలనిపించింది. నిజామాబాద్‌లో దిగేసరికి ఒంటిగంట కావొస్తోంది. రిక్షా ఎక్కి తొక్కేవాణ్ని తొందరపెడుతూ గంజ్‌లో పడ్డాను.

గంజ్ అంతా పసుపు దుమ్ము. బస్తాలు కుమ్మరిస్తున్నారు, ఎత్తుతున్నారు, అరుస్తున్నారు. ఆ రద్దీలో ఓ స్తంభం పక్కన, మంచి చీర కట్టుకుని, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కౌసల్య నిలబడి ఉంది.

"పొద్దుగాలనుంచి నిలవడ్డ అన్నా," అంది. "నా పాట ఎప్పుడని అడిగితే, నువ్వు గూడ పాడుతవా అన్నడు సేటు. పాడుత అన్న. అయితే గక్కడ నిలవడు అన్నడు. ఇక్కడ పాడుతున్నం అంటరు, అందరు ధరలే చెప్తున్నరు!"

ఆ నాలుగు ముక్కలకే మూడుసార్లు దగ్గింది. గొంతు గీరుకుపోయింది. అయిదు గంటలు ఆ దుమ్ములో నిలబడితే ఎవరి గొంతు మాత్రం మిగులుతుంది? ఏమీ వివరించకుండా చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాను.

ఒకటీ ఇరవై. యజమాని వాచీ చూసుకున్నాడు. "ఈమెది ఏ వరస? భక్తి పాటా, జానపదమా, కవ్వాలీయా? క్యాసెట్ అట్ట మీద ఒక్కటే రాయగలం."

"అంగడిల ఎవలు ముందట నిలవడితె ఆళ్ల పాట సాబ్," అంది కౌసల్య. ఆయన నవ్వలేదు.

బతుకమ్మ పాట ఎత్తుకుంది. పై స్థాయికి వెళ్లగానే గొంతు చీలింది. వేడినీళ్లు తాగి మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ అక్కడే చీలింది. నేను శ్రుతి దించాను. అభంగం రెండు చరణాలు నిలిచింది, మూడోదానికి దగ్గు. కవ్వాలీలో మొదటి పిలుపే బయటికి రాలేదు. నలభై ఏళ్లలో మొదటిసారి తాళం తప్పాను.

"గొంతు అయిపోయిందయ్యా," అన్నాడు యజమాని లేస్తూ.

"పసుపు దుమ్మండీ, అంతే."

"పాడేవాళ్లు పసుపు మార్కెట్‌కు ఎందుకు పోయారు?"

జవాబు నా నాలుక చివరే ఉంది. చెబితే తప్పు నా నెత్తికొస్తుంది, రేపటి నుంచి స్టూడియోలో నా మాట ఎవడూ వినడు. ఊరుకున్నాను. సరిగ్గా రెండింటికి కారు వెళ్లిపోయింది.

బస్టాండు పక్క హోటల్లో ఇద్దరికీ అన్నం తెప్పించి, గంజ్‌లో పాటంటే వేలమని మాత్రం చెప్పాను. ఆమె ముట్టలేదు.

"నా తెలుగే కచ్చ, సక్కగ రాదు అన్నా," అంది. "ఇరవై రెండేండ్లాయె. గంజ్‌ల పాట అంటె ఏందో గూడ తెల్వకపాయె. నలుగురు నవ్వంగ నిలవడ్డ. ఇగ తెలుగు పాట నా నోటికి వద్దు."

తెలుగువాణ్ని నేను అన్నం కలుపుతూ కూర్చున్నాను. మూడుంబావుకు ఆమె బస్సు కదిలింది.

నాలుగింటికి నా బస్సు. గంజ్ చూడదగ్గదే, గొంతుతో బతికేవాళ్లు మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకుని వెళ్లండి. అంతకుమించి ఆ తిరుగుదారిలో ఏం చూశానో గుర్తు లేదు. సిగ్గుతో ఒళ్లంతా మండింది. అయిదుంబావుకు కామారెడ్డిలో పది నిమిషాలు ఆపారు. టీ వదిలేసి ఫోన్ బూత్‌లోకి వెళ్లాను.

"నాకు చెప్పుండ్రి, నేను చెప్త," అన్నాడు పోశెట్టి.

"వద్దు. ఆమెనే పిలవండి."

బయట కండక్టర్ ఈల వేశాడు. బస్సు నా కళ్ల ముందే వెళ్లిపోయింది. కాసేపటికి ఆయాసపడుతున్న గొంతు: "అలో, ఎవలు?"

"నేనే అక్కా. తప్పు నీ తెలుగుది కాదు. ఫోన్‌లో సగం మాట చెప్పింది నేను. యజమాని అడిగినా నోరు మూసుకున్నదీ నేనే."



"గీ ముక్క బస్టాండ్లనే చెప్తె, నేను బోధన్ దాకా ఏడ్సుకుంట వస్తుంటినా అన్నా?" అంది. "నాకు జెప్పినవు, మంచిదే. మీ సేటుకు జెప్తవా?"

చెబుతానన్నాను. ఆరున్నర బస్సులో సీటు దొరకలేదు. యజమాని ముందు ఆ మాట ఎలా ఎత్తాలో వెతుక్కుంటూ హైదరాబాద్ దాకా నిలబడే వచ్చాను.