తాబేలు గుడ్ల మీద కట్టిన వల

పోయిన సంవత్సరం ఎండలు ముదరకముందు ఓ సినిమా పాట తీయడానికి సముద్రం ఒడ్డుకు వెళ్లాం. నేను ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో అసిస్టెంట్‌ని. యూసుఫ్‌గూడలో పుట్టి పెరిగినదాన్ని, సముద్రాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి.

ఇసుకలో ఒకచోట నాలుగు కర్రలు పాతి, వాటి చుట్టూ పాత చేపల వల కట్టి ఉంది. కింద సముద్ర తాబేలు పెట్టిన గుడ్లున్నాయని, పిల్లలు రావడానికి ఇంకా నెల పైనే పడుతుందని కాపలా ఉన్న ముసలి జాలరి చెప్పాడు. ఆయన మధ్యాహ్నం అన్నానికి వెళ్లినప్పుడు, ఫ్రేములో వల అడ్డొస్తోందని కెమెరా దగ్గర్నుంచి నాకు కబురొచ్చింది. పది నిమిషాలే కదా అని కర్రలు నేనే పీకేశాను. షాట్ అయ్యేసరికి డాన్సర్లు తొక్కిన ఇసుకలో ఏ ఆనవాలూ మిగల్లేదు. అంచనాగా మళ్లీ పాతాను. ఆయన తిరిగొచ్చాక నేను ఆ సంగతి చెప్పలేదు.

హైదరాబాదు వచ్చాక భయం పట్టుకుంది. ఆ గుడ్లను కదిలిస్తే కేసు పెడతారని ఎవరో అన్నారు. కృష్ణానగర్‌లో చాయ్ తాగుతుంటే ఖాకీ చొక్కా కనిపించినా గ్లాసు వదిలేసి పక్క సందులోకి తిరిగేదాన్ని. అంతకంటే భయం, పిల్లలు వల బయట పైకొస్తాయేమోనని. ఆ ఒడ్డున తిరిగే కుక్కల్ని నేను చూశాను.

నలభై రోజులు దాటాక ఉండబట్టలేక, షూటింగప్పుడు తీసుకున్న నంబరుకు ఆయనకు ఫోన్ చేశాను.

"ఇంకా రాలేదమ్మా. ఇయ్యాలో రేపో రావాలి. వల పక్కనే కూచుంటన్నాను."

ఆయన కూర్చున్న చోట గుడ్లు లేవేమో. అది చెప్పకుండానే ఫోన్ పెట్టేసి, ఫిల్మ్‌నగర్‌లో మేం కడుతున్న ఇంటి సెట్టు వెనక్కి వెళ్లాను. అక్కణ్నుంచి మళ్లీ చేశాను.

"తాతా, గా కర్రలు నేను పీకిన. మళ్ల అదే జాగల పాతిన్నో లేదో తెల్వది."

 తిడతాడనుకున్నాను. పీకకముందు తీసిన ఫొటో ఏమైనా ఉందా అని మాత్రం అడిగాడు.

ఉంది. షాటుకీ షాటుకీ మధ్య ఏదీ మారిపోకుండా మేం ప్రతిదీ ఫొటో తీసుకుంటాం. ఇన్నాళ్లూ వాటిని తెరవడానికే భయపడ్డాను. పొద్దున తీసిన ఫొటోలో వలకు సరిగ్గా వెనక ఓ తాటిచెట్టు ఉంది. సాయంత్రం అదే చోటి నుంచి తీసిన దాంట్లో ఆ చెట్టు వలకు పక్కగా కనిపించింది. రెండూ పంపించాను. వల నాలుగు అంగలు తప్పిందని తేల్చి, ఆయన దాన్ని జరిపాడు.

మూడో రోజు పొద్దున, గోడకు రంగు వేయిస్తుండగా ఆయన నంబరు మోగింది. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి మోగితే ఎత్తాను.

"వచ్చేశాయమ్మా. తెల్లారగట్ల నీళ్లలోకి పోయాయి."

నేను ఊపిరి పీల్చుకునేలోగానే మిగతాది చెప్పాడు. ఆయన వల జరపకముందే ఓ కుక్క ఒక పక్క తవ్వి కొన్ని గుడ్లు తినేసిందట, గుంత ఇసుకతో పూడిపోయి ఇవాళే తెలిసిందట.

"ఆ రోజే చెప్పుంటే అయ్యి కూడా దక్కేవి," అన్నాడు.

గొంతులో కోపం లేదు.  రంగు వేసేవాళ్లను ఆగమని, మా ఆర్ట్ డైరెక్టర్‌ను వెతుక్కుంటూ వెళ్లి జరిగిందంతా చెప్పాను.