విప్పనివ్వని జడ

ఎదురింటి నుంచి ఆముదం కాగుతున్న వాసన వస్తోంది. కోవిల్‌పట్టిలో మా వీధిలో ఇప్పుడు తలకు ఆముదం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు, సీసాల్లో వచ్చే మల్లెపూల వాసన నూనెలకు అందరూ అలవాటు పడ్డారు, అందుకే ఆ జిడ్డు వాసన కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగలగానే బియ్యం చేట చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఎదురింటి కోడలు చనిపోయి పన్నెండు రోజులైంది. ఆమె కూతురు మీనాకు ఆరేళ్ళు. తండ్రి ఎప్పుడో పోయాడు, ఇక ఆ పిల్లకు తాత ఒక్కడే దిక్కు. మనవరాలి తలకు ఏం రాయాలో, ఎంతసేపు కాచాలో తెలియక ఆ ముసలాయన గిన్నె స్టవ్వు మీద పెట్టి మరిచిపోయినట్టున్నాడు. మీనాకు అమ్మ పోయిన సంగతి చెప్పలేదు. మదురైలో పెద్దాసుపత్రిలో ఉందనీ, నయం కాగానే వస్తుందనీ చెప్పారు. నిన్న ఆ పిల్ల నా కొంగు పట్టుకుని, "అవ్వా, అమ్మ మదురైలోనే ఉండాదా?" అని అడిగింది. డెబ్బై ఏళ్ళు దాటినదాన్ని, లోకంలో ఎవరు ఆ అబద్ధం చెప్పినా నేను మాత్రం చెప్పకూడనిదాన్ని, తలూపాను. ఊపాక నా మీద నాకే దిగ్భ్రమ కలిగింది. రాత్రి అన్నం సయించలేదు.

మాది కోవిల్‌పట్టికి పడమరగా నల్లరేగడిలో ఓ చిన్న పల్లె. ఐప్పసి నెల వానలకు మట్టి అరికాళ్ళకు చెప్పుల్లాగా అంటుకుని మాతోపాటే ఇంట్లోకి వచ్చేది, ఎండాకాలంలో అదే నేల చెయ్యి దూరేంత వెడల్పున నెర్రెలిచ్చేది, ఆ నెర్రెల్లో నా గచ్చకాయలు ఎన్ని జారిపోయాయో భూదేవికే తెలియాలి. గడపకు లోపల తెలుగు, గడప దాటితే తమిళం, రెండూ కలిపి తిట్టుకోవడానికి వీధి. పొద్దున సజ్జగంజిలో నంజుకోవడానికి చిన్న ఉల్లిపాయలు, మధ్యాహ్నం జొన్నసంకటి, దీపావళికి మాత్రమే వరి అన్నం. పత్తి ఏరే నెలల్లో ఇల్లంతా తెల్లని కుప్పలు, ముక్కుల్లో నూగు, తుమ్ములు, వాటి మీద దూకినందుకు వీపున దెబ్బలు. ఆ రోజుల్లోనే అమ్మ పత్తిగింజలు నానబెట్టి రోట్లో రుబ్బి, పాలు పిండి, తాటిబెల్లమూ శొంఠీ వేసి పత్తిపాలు కాచేది. కుండ అడుగున పట్టిన గసి గీక్కోవడానికి నాకు ఆల్చిప్ప ఇచ్చేది. నాన్న నేను పాలు తాగే వయసులోనే పోయాడు, అందుకని ఆ గసికి పోటీ వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

నా జుట్టంటే అమ్మకు గొప్ప. నన్ను రెండు మోకాళ్ళ మధ్య బిగించి, కళ్ళు పక్కకు లాక్కుపోయేంత గట్టిగా అల్లేది. నేను కేకలు పెడితే, "అరువు, అరువు, ఊరంతా విననీ, రంగమ్మ కూతురికి ఎంత జుట్టుండాదో తెలుస్తాది" అనేది. నాకు ఏడేళ్ళప్పుడు, ఊళ్ళోకి వాంతిభేది వచ్చిన వారంలో, ఒక పొద్దున అలాగే అల్లి, రిబ్బను దొరక్క తన ఎర్రచీర అంచు చింపి ముడి వేసింది. ముడి వేస్తున్నప్పుడు ఆమె చేతులు చల్లగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నమే మామ ఎద్దులబండి కట్టించి నన్ను తన ఊరికి తీసుకుపోయాడు.

మావాళ్ళకు ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరైనా పోయేలా ఉంటే ముందు పిల్లల్ని బయటికి తరలించేవారు, చచ్చిపోవడం అనే మాట పిల్లల చెవిన పడనిచ్చేవారు కారు, పోయినవాళ్ళు ఫలానా ఊరికి వెళ్ళారని చెప్పేవారు. ఆడవాళ్ళు పోతే మదురై, మగవాళ్ళు పోతే సిలోనులో తేయాకు తోటలున్న కండి. చావుకు ఇలా ఊళ్ళ పేర్లు పెట్టి, అది ప్రేమ అనుకునేవారు. నిజంగా ప్రేమే, కాదనను. మామ కూడా నన్ను ఎత్తుకుని, కళ్ళు పక్కకు తిప్పుకుని, "మీయమ్మకు ఒళ్ళు సరిలే పాపా, మదురైలో ఆస్పత్రిలో చేర్చిండాము, నయమైనంక వచ్చి పిలుచుకోని పోతాది" అన్నాడు. మామ మాట నమ్మక ఎవరి మాట నమ్మేది?

మామకు అప్పటికే ఏడుగురు పిల్లలు. రెండు వారాల తరువాత నన్ను కోవిల్‌పట్టిలో రైలెక్కించి విరుదునగర్‌లో దింపాడు. పెద్దవాళ్ళింకా ఆ ఊరిని విరుదుపట్టి అనే అనేవారు. మిరపకాయల గిడ్డంగుల వెనక ఒక పొడుగాటి పెంకుటిల్లు, గాలి అటు నుంచి వీస్తే ఇంటిల్లిపాదీ తుమ్మేవాళ్ళం. దిక్కులేని ఆడపిల్లల్ని అక్కడ చేర్చుకునేవారు, నాతో కలిపి పద్నాలుగు మందిమి. దాన్ని నడిపేది మావాళ్ళలోనే ఒక విధవరాలు, నర్సు పని నేర్చినామె, అందరం పెద్దక్క అని పిలిచేవాళ్ళం. వంట చేసేది సుబ్బవ్వ, గరిటె చేతిలో లేకపోతే మాట రానిది.

ఆ ఇంట్లో కొత్తగా వచ్చిన పిల్లకు ముందు చేసే మర్యాద తలంటు. సుబ్బవ్వ పీట వేసి, "రా పాపా, ఆముదం పెట్టి దువ్వుతా" అని నా జడ ముడి మీద చెయ్యి వేసింది. నేను ఆ చేతిని కొరికేశాను. రక్తం కారింది. "అమ్మ వేసింది. అమ్మ వచ్చే విప్పుతాది" అని అరిచాను. సుబ్బవ్వ పెద్దక్క వైపు చూసింది, పెద్దక్క సుబ్బవ్వ వైపు చూసింది. "సరిలే పాపా, మీయమ్మ వచ్చే విప్పుతాదిలే" అంది పెద్దక్క. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి దయ అది, అందులోనే అబద్ధం ఉంది.

మూడు నెలలు ఆ జడ విప్పలేదు. బయట రైలు కూతపెడితే చాలు గేటు దగ్గరికి పరిగెత్తేదాన్ని. అందరూ వామనగుంటలు ఆడుకుంటుంటే నేను గోడకు ఆనుకుని, తల కదిలితే జడ వదులవుతుందేమోనని బిగుసుకుని కూర్చునేదాన్ని. జడ చాపలాగా అట్టకట్టింది. పేలు పట్టాయి, మెడ వెనక పుండ్లు లేచాయి, నా పక్కన పడుకోబోమని పిల్లలు మొండికేశారు. వాళ్ళను తప్పు పట్టను, ఆ వాసనకు నాకే తల తిరిగేది. చివరికి కాంపౌండరు వచ్చి చూసి, పుండు లోపలికి దిగుతోందనీ, మొత్తం కత్తిరించాల్సిందేననీ చెప్పి కత్తెర బయటికి తీశాడు. నేను గోడ దూకి గిడ్డంగిలో మిరపకాయల బస్తాల వెనక దాక్కున్నాను. ఎంత తెలివైన చోటో చూడండి, నిమిషంలో నా తుమ్ములే నన్ను పట్టించాయి.

సుబ్బవ్వ నన్ను పెరట్లోకి మోసుకొచ్చింది. కాంపౌండరు కత్తెరతో, పిల్లలందరూ చుట్టూ. పెద్దక్క అతని చేతిలోంచి కత్తెర తీసుకుంది, నేను కళ్ళు మూసుకున్నాను. కత్తెర వేయలేదు. దాన్ని అవతలికి విసిరేసి, నా ఎదురుగా నేల మీద కూర్చుంది. అంత పెద్ద మనిషి తెల్లచీరతో మట్టిలో కూర్చోవడం మేము ఎన్నడూ చూడలేదు.

"పాపా, మీయమ్మ రాదు. సచ్చిపోయింది. నీకు జడేసిన దినమే, సాయంత్రం. నాకు మొదటి నించి తెలుసు. తెలిసీ నీకు అబద్దం చెప్తా వచ్చినాను. తప్పు నాది."

నాకు ఏడుపు రాలేదు. చెవుల్లో పత్తి కుక్కినట్టయింది. ఎదురుగా పెద్దక్క పెదవులు కదులుతున్నాయి, దూరంగా పత్తిమిల్లు ఆడుతోంది, ఒక కాకి కత్తెరను ముక్కుతో పొడిచి చూస్తోంది. ఇవన్నీ ఈనాటికీ స్పష్టంగా కనిపిస్తాయి, కానీ నేనేం చేశానో నాకు తెలియదు. అమ్మ చావు కంటే, మూడు నెలలుగా ప్రతి ఒక్కరికీ తెలుసు, నాకు తప్ప, అన్నదే పిడుగులాగా పడింది. మామకు తెలుసు, సుబ్బవ్వకు తెలుసు, గేటు దగ్గరికి పరిగెత్తే నన్ను చూసి వీళ్ళందరూ ఏమనుకున్నారు?

అప్పుడు చెల్లమ్మ ముందుకొచ్చింది. నాకంటే రెండేళ్ళు పెద్దది, వాళ్ళ నాయన కండి నుంచి సిలోను గాజులు తెస్తాడని రోజూ చెప్పేది.

"అక్కా, మా నాయన?"

పెద్దక్క చెల్లమ్మ చెయ్యి పట్టుకుంది. "నీ నాయన సంగతి నాకు నిజంగా తెలీదు చెల్లమ్మా. కండికి పోయినాడు. రెండేండ్లుగా ఉత్తరం లేదు. ఉండాడో లేదో తెలీదు."

తరువాత ఇంకొకతె. ఆ తరువాత ఇంకొకతె. పద్నాలుగు మందిమీ వరుసగా నిలబడి, అన్నానికి నిలబడినట్టు, మా మా చావుల కోసం నిలబడ్డాం. పెద్దక్క ఎవరినీ తప్పించలేదు. నీ అమ్మ లేదు. నీ అమ్మా నాయనా ఇద్దరూ లేరు. అందరికంటే చిన్నపిల్లను, అయిదేళ్ళుంటాయేమో, పెద్దక్క ఒళ్ళోకి తీసుకుంది. "మీయమ్మ బతికే ఉండాది తల్లీ. వేరే పెండ్లి చేసుకోనింది. నిన్ను పిలుచుకోని పోలేదు." ఆ మాట విని మిగిలిన మేము, అమ్మలు చచ్చిపోయిన మేము, ఆ పిల్లను చూసి నిర్ఘాంతపోయాం. చావు కంటే పెద్దది ఒకటి ఉంటుందని ఆ మధ్యాహ్నమే తెలుసుకున్నాను.

సుబ్బవ్వ గరిటె విసిరికొట్టింది. "పిల్లకాయలకు ఇట్టనా చెప్పేది? నీకు పైత్యం పట్టిందా అక్కా?" అని అరిచింది. అరుస్తూ అరుస్తూ తనే గుండెలు బాదుకుని శోకం మొదలుపెట్టింది. ఆమెకూ ఇద్దరు బిడ్డలు పోయారట, ఆ సంగతి అంతవరకు ఎవరికీ తెలియదు. మా ఊళ్ళలో ఆడవాళ్ళు చావింట్లో పాడే ఒప్పారి ఆమె గొంతులోంచి వస్తే, ఎవరి వాళ్ళ పేర్లు వాళ్ళం అందులో కలిపి ఏడ్చాం. మాకు దక్కని చావిల్లు ఆ పెరట్లో దక్కింది. ఆ పూట ఎవరూ తినలేదు, కుండెడు గంజి పులిసిపోయింది. ఆ ఇంటికి బియ్యమూ నూనెలూ పంపే పెద్దమనుషులు మర్నాడు వచ్చి, పసిపిల్లలతో శోకాలు పెట్టిస్తారా అని నోళ్ళు నొక్కుకున్నారు. "ఏడవనీకుండా చేసిందే పుండయింది, చూడండి" అని పెద్దక్క నన్ను వెనక్కి తిప్పి నా మెడ చూపించింది.

జడను కత్తిరించలేదు. నేనే వెళ్ళి సుబ్బవ్వ ముందు పీట మీద కూర్చున్నాను. గోరువెచ్చని ఆముదం పోసి, ఒక్కొక్క పాయే వేళ్ళతో విడదీస్తూ, నా పళ్ళ గుర్తున్న ఆ చేత్తోనే రెండు రోజులు కూర్చుంది. ప్రతి పాయకూ అమ్మ గురించి ఒక మాట అడిగేది. ఎట్ట ఉండేది, ఏమని తిట్టేది, ఏమి వండేది. పత్తిపాలని చెప్పాను. మూడో రోజు పొద్దున ఇంట్లో పత్తిపాలు కాగాయి, గసి గీక్కోమని నాకే గరిటె ఇచ్చారు. నేను ఆ గరిటె చెల్లమ్మకు కూడా ఇచ్చాను.

అప్పటి నుంచి ఆ ఇంటికి అదే ఆచారమైంది. కొత్తపిల్ల వస్తే తలంటు కాదు, ముందు నిజం, తరువాత "మీ ఇంట్లో ఏమి వండేవాళ్ళు?" అనే ప్రశ్న. ఒకతె అమ్మ కోసం కొర్రల పాయసం, ఒకతె నాయన కోసం ఎండుమిరపకాయలు వేయించిన ఉలవచారు, చిన్నపిల్ల మాత్రం ఏమీ గుర్తులేదంటే సుబ్బవ్వ తన బిడ్డలకు చేసే తాటిబెల్లం ఉండలు చేసిపెట్టింది. పండుగల కంటే ఆ వంటల రోజులే మాకు ఎక్కువ. పెళ్ళయి కోవిల్‌పట్టికి వచ్చేదాకా అక్కడే పెరిగాను. నన్నెవరైనా అనాథ అంటే ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

ఆ పెంకుటిల్లు ఇప్పుడు లేదు, అది కూడా మిరపకాయల గిడ్డంగే అయింది. సుబ్బవ్వ లేదు, పెద్దక్క లేదు, చెల్లమ్మ నాయన నుంచి ఉత్తరం ఎప్పటికీ రాలేదు. పత్తిపాలు బండి మీద అమ్ముతారు, గసి ఉండదు. ఒప్పారి పాడే ఆడవాళ్ళు లేరు. ఎర్రచీర అంచు ఎప్పుడు పోగొట్టుకున్నానో కూడా గుర్తులేదు, అది తలుచుకుంటే సిగ్గేస్తుంది. అన్నీ పోయాయి కానీ మదురై మాత్రం పోలేదు, ఎదురింటి దాకా వచ్చి కూర్చుంది, నేను కూడా దానికి తలూపాను.

చేట కింద పెట్టి, దువ్వెన తీసుకుని వీధి దాటాను. మీనా మెట్ల మీద ఒంటరిగా కూర్చుని ఉంది. పెద్దక్కలాగే నేనూ ఎదురుగా నేల మీద కూర్చున్నాను, మోకాళ్ళు కీచుమన్నాయి.

"మీనా, నిన్న అవ్వ నీకు అబద్దం చెప్పింది. మీయమ్మ..."

"నాకు తెలుసవ్వా" అంది మీనా. లోపలికి ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించింది. "తాతకు చెప్పొద్దు. అమ్మ మదురైలోనే ఉండాదని ఆయన అనుకోనుండాడు. తెలిస్తే పావం, రొంబ ఏడుస్తాడు."

లోపల ముసలాయన మాడిన ఆముదం పొగకు దగ్గుతున్నాడు. నా చేతిలోంచి దువ్వెన జారి మెట్టు మీద పడింది. దాన్ని తీసి మీనా ఒళ్ళో పెట్టి, గుమ్మం వైపు తిరిగాను.

"అన్నా," అని పిలిచాను, "ఆ స్టవ్వు ఆపేసి ఇట్ట రా. వచ్చి బిడ్డ పక్కన కూచో."