ఐదున్నర హారన్

బంద్ రోజు బస్సు తగలబెట్టేవాళ్లు ముందు అందరినీ కిందికి దింపుతారు. మా రోడ్డు మీద ఈ సంగతి తెలియనివాళ్లు లేరు. డ్రైవర్‌ను నాలుగు దెబ్బలు వేస్తారు, తాళాలు లాక్కుంటారు, డీజిల్ పైపు కోసి బకెట్‌లోకి పట్టి సీట్ల మీద చల్లుతారు. మనుషులంతా దిగాకే అగ్గిపుల్ల గీస్తారు. భద్రాచలం నుంచి అడవిలోకి పోయే ఆ రోడ్డు మీదికి కాపురానికి వచ్చిన కొత్తలో ఈ మాట విని వెనక్కి వెళ్లిపోదామని మా ఆయనతో అన్నాను. రెండేళ్లు తిరక్కుండానే అదే మాట మా అమ్మకు ఫోన్‌లో ధైర్యంగా చెప్పాను. "ఏం కాదమ్మా, దింపినంకనే కాలవెడ్తరు."

మాది వైరా. ఖమ్మంలో కంప్యూటర్ డిగ్రీ చేశాను. మా ఆయన ఆశ్రమ పాఠశాలలో లెక్కల టీచరు. భద్రాచలం నుంచి గంటన్నర ప్రయాణం. మా క్వార్టరు రోడ్డు మలుపులో ఉండేది. రోడ్డు చివరి ఊళ్లో రాత్రి పడుకునే బస్సు తెల్లవారుజామున ఐదున్నరకు ఆ మలుపు దగ్గరికొచ్చి, పాల క్యాన్ల కోసం రెండుసార్లు హారన్ కొట్టేది. మా పాప ఆ హారన్‌కే లేచేది. కళ్లు తెరవకుండానే "బస్సు" అనేది. ఆ బస్సు ఏడులోపు భద్రాచలం స్టాండ్‌లోకి చేరితే ఆ రోజు రోడ్డు బాగున్నట్టు. చేరకపోతే ఎక్కడో చెట్టు కొట్టి అడ్డంగా పడేసినట్టు, లేదా అంతకన్నా పెద్దది జరిగినట్టు.

ఒక బంద్ రోజు పాపను ఎత్తుకుని స్టాండ్‌లో నిలబడ్డాను. విచారణ కిటికీ ముందు వందమంది. లోపలి మనిషి "తెల్వదు, తెల్వదు" అంటున్నాడు. ఒకాయన స్టీలు టిఫిన్ డబ్బాతో కిటికీ అద్దం పగలగొట్టాడు. రెండో దెబ్బ లోపలి మనిషి కనుబొమ్మ మీద పడింది. రక్తం టైంటేబుల్ రిజిస్టరు మీద కారుతుంటే ఆయన చేత్తో నుదురు నొక్కుకుని, మళ్లీ "తెల్వదు" అన్నాడు. జనం నెట్టుకున్నారు. పాప తల ఇనుప స్తంభానికి తగిలింది. అంత చిన్న తల అంత పెద్ద చప్పుడు చేస్తుందని నాకు ఆ రోజే తెలిసింది. ఇంటికి వచ్చాక కూడా ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. ఇంతమంది కొట్టుకునేది ఒక్క చిన్న కబురు కోసమే కదా అనిపించింది.

అలా మొదలుపెట్టాను. మా ఆయన ఖమ్మంలో పాత కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. ఒక సెల్‌ఫోన్‌ను కేబుల్‌తో దానికి కలిపి, కేబుల్ ఊడకుండా పాప జుట్టు రబ్బరు బ్యాండు చుట్టాను. పాప పడుకున్నాక ప్రోగ్రాం రాసేదాన్ని. ఎవరైనా మా నంబరుకు ఊరి పేరు మెసేజ్ చేస్తే కంప్యూటరే జవాబు పంపేది. స్టాండ్ గేటు దగ్గర టీ బండి అన్న పొద్దున్నే బస్సు కనబడగానే అదే నంబరుకు "వచ్చింది" అని పెట్టేవాడు. అది ఏడులోపు అందితే జవాబు "రోడ్డు తెరిచే ఉంది". అందకపోతే "తెలియదు". మొత్తం ప్రోగ్రాంలో ఉన్న తెలివి ఆ ఒక్క షరతే.

నెలకోసారి భద్రాచలం వెళ్లినప్పుడు ఇంటర్నెట్ సెంటర్‌లో, సొంతంగా ప్రోగ్రాంలు రాసుకునేవాళ్లు కలిసే ఒక సైటు చూసేదాన్ని. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, సిటీ బస్సుల నంబర్లూ రూట్లూ అన్నీ ఒకచోట పెట్టినాయన ఉండేవాడు అందులో. నా పని గురించి రాస్తే "మీ సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది?" అని అడిగాడు. "టీ బండి నుంచి" అన్నాను. చాలామంది నవ్వారు, మెచ్చుకున్నారు. అక్కడ బస్సు ఆలస్యమైతే పదినిమిషాలు. ఇక్కడ ఆలస్యమైతే ఏం అర్థమో వాళ్లకు రాయలేదు. రాయకపోవడం నాకు గర్వంగానే ఉండింది.

పాపకు రెండున్నరేళ్లప్పుడు జ్వరం వచ్చింది. మూడు రోజులైనా తగ్గకపోతే మా ఆయన భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాడు. మలేరియా అన్నారు. నాకు అప్పుడు కాలు బెణికింది, వెళ్లలేకపోయాను. పాప కోలుకుని బయటికొచ్చేసరికి అడవిలోని అన్నలు రెండు రోజుల బంద్ పిలిచారు. రెండో రోజు పొద్దున బయలుదేరాలా వద్దా అన్నది ఆయన ముందున్న ప్రశ్న. నన్ను అడగలేదు. మా నంబరుకే ఊరి పేరు కొట్టాడు.

ఆ తెల్లవారు నాకు మెలకువ రాలేదు. పక్కన పాప లేదు, హారన్ వినలేదు. లేచేసరికి ఆరున్నర. హారన్ వినబడలేదేంటి అని ఒక్క క్షణం అనుకున్నాను. ముందురోజు రాత్రి తొమ్మిదింటికి మలుపులో ఏదో పెద్ద బండి దడదడమంటూ భద్రాచలం వైపు వెళ్లింది, లారీ అనుకుని పడుకున్నాను. ఇప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది. చూడలేదు. ఏడుకు పదినిమిషాల ముందు ఫోన్ మోగింది, టీ బండి అన్న "వచ్చింది" అని పెట్టాడు. నిద్రలో హారన్ వినలేదు కాబోలు అనుకుని పొయ్యి వెలిగించాను. నా వెనక కంప్యూటరు ఒక్కొక్కరికీ జవాబులు పంపుతోంది. అందులో ఒకటి మా ఆయనకు.

తర్వాత తెలిసింది. బంద్ భయంతో ఆ డ్రైవరు రాత్రే బస్సు వెనక్కి తెచ్చేశాడు. చివరి ఊళ్లో పడుకోకుండా వచ్చినందుకు మెమో ఇస్తారని, భద్రాచలం బయట పెట్రోల్ బంకులో పడుకుని, రోజూ వచ్చే వేళకే గేట్లోకి వచ్చాడు. అంటే ఆ రాత్రంతా ఆ రోడ్డు మీద ఏం జరిగిందో చూసినవాళ్లే లేరు. టీ బండి అన్న అబద్ధం చెప్పలేదు. "గేట్లకొచ్చింది, వచ్చిందని పెట్టిన. గంతే గద చెల్లె," అన్నాడు ఏడుస్తూ.

స్టాండ్‌లో మా వైపు వచ్చే బస్సు ఖాళీగా నిలబడి ఉందట. ఎక్కడానికి ఎవరికీ ధైర్యం లేదు. మా ఆయన పాపను భుజాన వేసుకుని ముందు ఎక్కాడు. "మెసేజ్ వచ్చింది. రోడ్ తెరిచే ఉన్నదట."

"నమ్మొచ్చా సారూ?" అన్నాడు కండక్టరు.

"మా ఆమెనే రాసింది ఆ ప్రోగ్రాం. ఇప్పటిదాక తప్పలే."

ఆ మాట మీద ముప్పై మంది ఎక్కారు. ఆయనతో కలిపి ముప్పై ఒక్క టికెట్లు.

మా ఊరు రాకముందే వాగు దగ్గర రోడ్డుకు అడ్డంగా రెండు మద్దిచెట్లు. ముఖాలకు తువ్వాళ్లు కట్టుకున్న ఏడెనిమిది మంది. ఒకడు గొడ్డలి తిరగేసి ముందు అద్దం పగలగొట్టాడు, గాజు పెంకులు డ్రైవర్ ఒళ్లో పడ్డాయి. ఆయన జుట్టు పట్టి కిటికీలోంచే లాగారు. జ్వరం నుంచి తేరుకున్న పాప వెనక పొడుగు సీటులో నిద్రపోతోంది. మా ఆయన ఆమె మీద టవలు కప్పి, "పిల్ల ఉన్నది, జర ఆగండన్నా" అని చెప్పడానికి ముందుకు నడిచాడు. ఆ మాట సగంలో ఉండగానే కాలరు పట్టుకుని మెట్ల మీంచి విసిరేశారు. మోకాలి చిప్ప రాయికి తగిలింది.

జనం దూకారు. సంచులు తీసుకోనివ్వలేదు. ఒక నడివయసు ఆమె కోడలి సీమంతానికి కొన్న చీరె మూట కోసం వెనక్కి తిరిగితే గొడ్డలి కర్రతో వీపు మీద కొట్టారు. కింద పడ్డ మా ఆయన లేవబోతుంటే ప్రయాణికులే మీద పడ్డారు. "రోడ్ తెరిచే ఉన్నదంటివి గదరా" అంటూ ఒకడు మెడ మీద తన్నాడు. నోరు మట్టిలోకి పోయింది. ఆయన "పాప, పాప" అంటున్నాడట. ఆ అరుపుల్లో ఎవరికీ వినబడలేదు. వినబడినవాళ్లు దెబ్బలకు ఏడుస్తున్నాడనుకున్నారు.

"అందరు దిగిండ్రా?" అని అడిగాడు తువ్వాలు కట్టుకున్నవాడు. అడగడం వాళ్ల పద్ధతి.

కండక్టరు టికెట్ల లెక్క చూశాడు. తలలు లెక్కపెట్టాడు. "ముప్పై ఒక్క టికెట్లు. ముప్పై ఒక్కరు దిగిండ్రు."

రెండున్నరేళ్ల పిల్లకు టికెట్ ఉండదు.

ముందు సీట్లు అంటుకున్నాయి. రెక్సిన్ కాలితే నల్లటి పొగ నీళ్లలా కిందికి జారుతుందని మా ఆయన చెప్పాడు. అప్పుడు వీపు మీద దెబ్బ తిన్న ఆమె ఒక్కసారిగా అరిచింది. వెనక సీటులో ఆమె కాళ్ల దగ్గరే కదా పాప పడుకుంది! కండక్టరు టికెట్ పెట్టెతో వెనక కిటికీ అద్దం బాదాడు. మూడో దెబ్బకు పగిలింది. మిగిలిన అద్దాన్ని ఆమె చేతుల్తోనే లాగేసింది. కండక్టరు నడుం దాకా లోపలికి దూరి పాపను ఒక కాలు పట్టుకుని లాగాడు. పాప అరికాలు చీరుకుపోయింది. కండక్టరు చేయి మణికట్టు నుంచి మోచేయి దాకా తెగింది. తువ్వాలు కట్టుకున్నవాళ్లలో ఒకమ్మాయి ఉందట. నిలబడి చూసింది, తువ్వాలు ముఖం మీంచి జారినా సర్దుకోలేదట. తర్వాత అందరూ అడవిలోకి వెళ్లిపోయారు.

"బస్సు కాలవెట్టిండ్రట" అని మా వీధిలో కేక వినబడినప్పుడు నేను పాప గౌన్లు ఆరేస్తున్నాను. స్కూలు అటెండరు బండి మీద వెళ్లాను. బస్సు ఇంకా కాలుతోంది. టైర్లు ఒక్కొక్కటీ పేలుతున్నాయి. పేలినప్పుడల్లా పాప ఆ నడివయసు ఆమె ఒళ్లో ఎగిరిపడుతోంది. నేను పాపను అందుకోబోయాను.

"నువ్వేనా మెసేజ్ పంపింది?" అంది ఆమె.

"అవ్," అన్నాను.

పాపను నా చేతుల్లో పెట్టి, పెట్టిన చేత్తోనే నా చెంప మీద కొట్టింది. ఆమె అరచేతి నిండా గాజు గాట్లు. నా ముఖం మీద అంటిన రక్తం ఎవరిదో నాకు చాలాసేపు అర్థం కాలేదు. మా ఆయన విరిగిన పన్ను చేతిలో పట్టుకుని చెట్టు కింద కూర్చున్నాడు. ఆయన కూడా కొడితే బాగుండు అనిపించింది.

ఇంటికి రాగానే చూశాను, కంప్యూటరు ఇంకా జవాబులు పంపుతోంది. రోడ్డు తెరిచే ఉంది. రోడ్డు తెరిచే ఉంది. పచ్చడి నూరే పొత్రం తెచ్చి ఫోన్‌ను కొట్టాను. పగిలింది. పగిలాక కూడా కొట్టాను. కేబుల్ తెంచాను, తెర మీద కొట్టాను. వెనక్కి తిరిగితే పాప గోడకు ఆనుకుని, రెండు చెవులు మూసుకుని నన్నే చూస్తోంది. పొద్దున బస్సు దగ్గర చూసిన చూపే అది. పొత్రం కింద పెట్టడానికి నాకు భయం వేసింది, ఆ చప్పుడుకు మళ్లీ ఉలిక్కిపడుతుందని.

నెల తర్వాత ఆ నడివయసు ఆమె మా గుమ్మంలో నిలబడింది. చేతుల గాట్లు మానాయి. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"మెసేజ్ ఎందుకు బంద్ వెట్టినవ్?"

"అబద్ధం చెప్పింది కదమ్మా."

"చెప్పింది. అందుకే కొట్టిన. నా కోడలికి నెలలు నిండినయ్. ఎప్పుడు నొప్పులొస్తయో, భద్రాచలం పోను బస్సుంటదో ఉండదో. నువ్వేం చెప్పకపోతే నేనెవర్ని అడగాలె?"

"మళ్లీ తప్పితే?"

"మల్ల కొడ్త," అంది. నవ్వలేదు. పాపకు జామకాయ ఇచ్చింది. పాప తీసుకోలేదు. ఆమె అరచేతినే చూసి, వచ్చి నా వెనక దాక్కుంది.

మా ఆయన పాత ఫోన్ ఉంది. సిమ్ పగల్లేదు. స్కూల్లో మూలపడ్డ తెర ఒకటి తెచ్చి కంప్యూటరుకు తగిలించాం. ప్రోగ్రాం నుంచి ఆ షరతు తీసేశాను. "రోడ్డు తెరిచే ఉంది" అన్న మాట ఇప్పుడు అందులో ఎక్కడా లేదు. ఎవరేం చూశారో, ఎవరేం విన్నారో, అదే వెళ్తుంది. స్టాండ్‌లో చూసేది టీ బండి అన్న. మలుపులో వినేది నేను. అందుకే బంద్ రోజుల్లో తెల్లవార్లూ మేలుకుంటున్నాను. నిద్ర ఆపుకోవడానికి ఇది రాస్తున్నాను. పాప ఇప్పటికీ హారన్ వినబడితే లేస్తుంది, కానీ "బస్సు" అనదు. దుప్పటి తల మీదికి లాక్కుంటుంది. అందుకని ఐదుంబావు నుంచి తన చెవి మీద నా అరచేయి పెట్టి కూర్చుంటాను.

ఈ రోజు కూడా బంద్. ఐదున్నర అయింది. ఐదూ నలభై అయింది. పాల క్యాన్లతో వచ్చిన ముసలాయన మలుపులో బీడీ ముట్టించుకుని రోడ్డు చివరికి చూస్తున్నాడు. ఫోన్‌లో అప్పుడే ఒక మెసేజ్ వచ్చి ఉంది, ఆ నడివయసు ఆమె ఊరి పేరు. పాప చెవి మీంచి చేయి తీసి టైపు చేశాను.

"హారన్ వినబడలేదు."

పంపి, మళ్లీ చేయి అక్కడే పెట్టాను.