రెండో ఫారం

ఏడేళ్లుగా ఒక అంకెను మోస్తున్నాను. పద్దెనిమిది వేలు. అది నా మొదటి జీతం. తక్కువని బాధ కాదు. ఆ అంకె కోసం నేను చేసిన పని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను క్లినికల్ సైకాలజిస్టుని. మాదాపూర్‌లో ఒక కౌన్సెలింగ్ సెంటర్‌లో పనిచేస్తాను. చుట్టుపక్కల కంపెనీల ఉద్యోగులు వచ్చి, ఇంట్లో చెప్పుకోలేనివి నా ముందు చెప్పుకుంటారు. దాచుకుంటే బరువు, చెప్పేస్తే తేలిక అని రోజూ వాళ్లతో అంటుంటాను. ఏ మొహం పెట్టుకుని అంటున్నాను?

స్వరూపా నేనూ కలిసి ఎం.ఫిల్ చేశాం. రెండేళ్లు ప్రభుత్వ మానసిక ఆసుపత్రిలో ఒకే వార్డులో శిక్షణ. వాళ్లది పుప్పాలగూడ, నాన్న స్కూలు వ్యాను నడిపేవాడు. మాది కూకట్‌పల్లి, నాన్నగారు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఉలుకూ పలుకూ లేని రోగి పక్కన స్వరూప ఊరికే కూర్చునేది. గంటకో, రెండు రోజులకో ఆ మనిషి నోరు విప్పేవాడు. నాకు అది చేతకాలేదు. ఇప్పటికీ చేతకాదు.

చదువు అయిపోయేసరికి మా ఇంట్లో ఓపిక కూడా అయిపోయింది. అన్నయ్య సాఫ్ట్‌వేర్‌లో చేరిన మొదటి నెలే ఎంత తెచ్చాడో అమ్మ కాలనీ అంతా చెప్పుకుంది. వాడికంటే ఎక్కువేళ్లు చదివిన నాకు వాడికంటే తక్కువ వస్తుందని వాళ్లు ఊహించనే లేదు. నెలలోపు ఉద్యోగం దొరక్కపోతే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సులో చేర్పిస్తానని నాన్నగారు తేల్చేశారు. అమీర్‌పేట వెళ్లి ఫీజు కూడా కనుక్కుని వచ్చారు.

ఈ సెంటర్‌లో ఇంటర్వ్యూకి ఇద్దరం కలిసే వెళ్లాం. ముందు ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక కేసు ఇచ్చి, ఒకరి తర్వాత ఒకరిని మాట్లాడించారు. తర్వాత బయట కూర్చుని ఫారం నింపమన్నారు. చివర్లో ఒక గడి ఉంది, ఆశించే జీతం అని. స్వరూప పెన్ను పట్టుకుని నా వైపు చూసింది.

"ఎంత రాయాలె నేను?"

"నలభైకి తగ్గొద్దు. నేనూ అంతే రాస్తున్నా. మనకి మనమే తగ్గిపోతే మన చదువుకి ఎవరు విలువిస్తారు?"

"నువ్వు చెప్తున్నవ్ గాబట్టి రాస్తున్న. నన్నడిగితె ఇరవై ఇచ్చినా చాలు, ఈ పని దొరికితె."

ఆ మాట చెప్పినప్పుడు నాలో మోసం లేదు. ఒట్టేసి చెప్పగలను. చెప్పగలనా? నేనూ నలభయ్యే రాశాను. రెండు ఫారాలూ కలిపి ఇచ్చేశాం. స్వరూప మంచినీళ్ల కోసం లోపలికి వెళ్లింది. అప్పుడు, నేను అడక్కుండానే, ఖాళీ ఒక్కటే ఉందని రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయి చెప్పింది. కేసు మాట్లాడటంలో స్వరూప నాకంటే ఎంత బాగా చేసిందో నేను కళ్లారా చూశాను. అమీర్‌పేట గుర్తొచ్చింది. లేచి, పుట్టినతేదీ తప్పు రాశానని అబద్ధం చెప్పి, ఇంకో ఫారం అడిగి తీసుకున్నాను. పాతది వెనక్కి తీసుకుని, కొత్తదాని గడిలో పద్దెనిమిది రాసి ఇచ్చాను. తను ఇరవై చాలంది కదా. ఒకవేళ తనని మళ్లీ పిలిచి అడిగితే? అందుకని ఇరవై కూడా కాదు, పద్దెనిమిది.

ఉద్యోగం నాకొచ్చింది. అక్కడితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం స్వరూప ఫోన్ చేసి ఎంతకు ఒప్పుకున్నారని అడిగితే, నలభైకే అన్నాను. సిగ్గుపడి అన్నానా, దొరికిపోతానని అన్నానా, లేక ఆమె కంటే నేనే గొప్పని కాసేపైనా అనిపించుకోవాలని అన్నానా? ఎంత తవ్వుకున్నా తెలియదు.

ఆమె ఇంకో రెండు చోట్లకి వెళ్లి, ఆ తర్వాత ప్రయత్నమే మానేసింది. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఒక కంపెనీలో కస్టమర్ల ఫిర్యాదులు వినే పనిలో చేరింది. ఎందుకు మానేశావని నేను అడగలేదు. పోయిన ఏడాది లింగంపల్లి స్టేషన్‌లో కనిపించినప్పుడు తనే చెప్పింది, నవ్వుతూ.

"ఇద్దరం నలభై రాస్తె నిన్ను తీసుకున్నరు. అంటె నాకు ఆ పని రాదనే గద. జల్ది తెలిసింది, మంచిగైంది."

రైలు వచ్చింది. నేను ఎక్కేశాను. నిజం చెప్పడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం దొరికింది కూడా.

ఇప్పుడు ఆమె చెల్లెలు అదే చదువు పూర్తి చేసింది. గురువారం మా సెంటర్‌కే వస్తోంది. ఇంటర్వ్యూ చేసేది నేను. కొత్తవాళ్లకి ఇరవై దాటొద్దని మా యజమాని ముందే చెప్పాడు. మీరు పద్దెనిమిదికే చేరలేదా అని ప్రతిసారీ నన్నే చూపిస్తాడు. నా తర్వాత చేరిన ప్రతి ఒక్కరి జీతమూ నా అంకె దగ్గరే మొదలైంది. నిన్న స్వరూప మెసేజ్ పెట్టింది. చెల్లె ఎంత రాయాలె, నువ్వు ఎంత చెప్తె అంతే రాస్తది అని.

జవాబు ఇవ్వలేదు. నలభై అంటే ఆ పిల్ల కూడా ఉత్త చేతులతో ఇంటికి పోతుంది. ఇరవై అంటే, మరి నీకు నలభై ఎట్లిచ్చిన్రని స్వరూప అడుగుతుంది. ఎటు తిరిగినా ఆ రెండో ఫారమే అడ్డొస్తోంది. నా దగ్గరికి వచ్చినవాళ్లెవరైనా ఇలా అంటే ఏం చెప్తానో నాకు తెలుసు. అందులో ఒక్కటీ నాకు పనిచేయడం లేదు.

క్షమించమని అడగను. ఒక మనిషి ఏడేళ్లు, తనకి చేతనైన ఒకే ఒక్క పని తనకి చేతకాదనుకుని బతికింది. దానికి ఎవరు మాత్రం ఏమని క్షమిస్తారు? మీకు మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆ పని స్వరూపకి వచ్చు. నాకంటే బాగా వచ్చు. ఈ రెండు మాటలూ రాశాక స్వరూప మెసేజ్ మళ్లీ తెరిచాను. గురువారానికి ఇంకా రెండు రోజులున్నాయి.